హెల్పర్ జాబ్ అంటున్నారా? సంతకానికి ముందు ఈ 30 కిలోల లెక్క చూడండి

డ్రోన్ వీడియోలు మీ ఫోన్‌లోకి కూడా వచ్చే ఉంటాయి. పైనుంచి తీసిన సీన్. ఆకుల్లేని చెట్లు, బురద, మధ్యలో వంకరటింకరగా ఒక కందకం. అందులోంచి ఒక సైనికుడు బయటికొస్తాడు. నెత్తి మీద డ్రోన్ తిరుగుతోందని అతనికీ తెలుసు. అయినా పరిగెత్తడు, తూలుతూ నడుస్తాడు. కింద కామెంట్లలో ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, 'అరె, ఉరుకుతలేడేంది?' అని.

ఉరకలేడు. ఒంటి మీద దాదాపు 30 కిలోలు ఉన్నాయి. మన వంటింట్లో నిండు గ్యాస్ సిలిండర్ ఎంత బరువుంటుందో ఇంచుమించు అంత. లోపలి గ్యాస్ 14.2 కిలోలు, మిగతాది ఇనుము. దాన్ని భుజానేసుకుని మోకాలి లోతు బురదలో ఎంత దూరం ఉరకగలమో ఆలోచిస్తే ఆ వీడియో వేరేగా కనిపిస్తుంది.

ఇది రష్యా-ఉక్రెయిన్ ముచ్చట, మనకెందుకు అంటారా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో విదేశీ జాబ్ మాట వినపడని గల్లీ లేదు. ఇంట్లో ఒకరు దుబాయ్‌లోనో, సౌదీలోనో, మస్కట్‌లోనో ఉండటం ఇక్కడ మామూలు విషయం. అందుకే 'రష్యాలో హెల్పర్ జాబ్' అనే ఆఫర్ గురించి ఈ ఊళ్లకు ముందు తెలియాలి. ఆ జాబ్‌లో చేతికిచ్చే సామాను లిస్ట్ చూస్తే అది ఏం జాబో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

అసలేం జరిగింది?

2024 మార్చిలో హైదరాబాద్‌కు చెందిన 30 ఏళ్ల యువకుడు రష్యా తరఫున యుద్ధంలో చనిపోయాడని మాస్కోలోని భారత ఎంబసీ ధ్రువీకరించింది. హెల్పర్ పని అని నమ్మి వెళ్లిన మనిషి. దానికి కొన్ని రోజుల ముందు, ఫిబ్రవరిలో, సూరత్‌కు చెందిన 23 ఏళ్ల కుర్రాడు డొనెట్స్క్ వైపు జరిగిన దాడిలో చనిపోయాడు. అదే మార్చిలో సీబీఐ కేసు పెట్టి ఢిల్లీ, ముంబై, చెన్నై సహా ఏడు నగరాల్లో సోదాలు చేసింది. సోషల్ మీడియా వీడియోలతో, లోకల్ ఏజెంట్లతో వల వేశారని, సెక్యూరిటీ గార్డు, ఆర్మీ హెల్పర్ అని చెప్పి తీసుకెళ్లి యుద్ధం ట్రైనింగ్ ఇచ్చి ఫ్రంట్‌కు పంపారని సీబీఐ చెప్పింది.

నారాయణపేటకు చెందిన మరో యువకుడు అదృష్టం బాగుండి 2024 సెప్టెంబర్‌లో తిరిగొచ్చాడు. అతనితో పాటు కర్ణాటకలోని కలబురగి వాళ్లు కూడా వచ్చారు. గంటల తరబడి కందకాలు తవ్వించారని, ఆయుధాల ట్రైనింగ్ ఇచ్చారని వాళ్లు మీడియాకు చెప్పారు. హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ 2024 మొదట్లోనే దీన్ని విదేశాంగ శాఖ దృష్టికి తెచ్చారు. ఆ జూలైలో మాస్కో వెళ్లిన ప్రధాని మోదీ పుతిన్‌తో మాట్లాడారు.

2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం రష్యా సైన్యంలోకి వెళ్లినట్టు తెలిసిన భారతీయులు 126 మంది. 96 మంది తిరిగొచ్చారు. 12 మంది చనిపోయారు. మిగిలిన 18 మందిలో 16 మంది ఎక్కడున్నారో తెలియదని రష్యా చెప్పింది. 2024 ఏప్రిల్ నుంచే భారతీయుల్ని చేర్చుకోవడం ఆపేశామని ఢిల్లీలోని రష్యా ఎంబసీ ప్రకటించింది. కానీ 2025 సెప్టెంబర్‌లో మన విదేశాంగ శాఖ మళ్లీ హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఆఫర్లకు దూరంగా ఉండండి, ప్రాణాల మీదకు వస్తుంది అని. ఆగిపోయిన దానికి ఎవరూ కొత్తగా వార్నింగ్ ఇవ్వరు కదా.

ఒంటి మీద ఏమేం ఉంటాయి?

రష్యా వైపైనా, ఉక్రెయిన్ వైపైనా ట్రెంచ్‌లోకి వెళ్లే కాల్బలం సైనికుడి సామాను దాదాపు ఒకేలా ఉంటుంది. మనం రష్యా లెక్కే తీసుకుందాం.

ముందు బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్. గట్టి ప్లేట్లతో కలిపి 8 నుంచి 10 కిలోలు. ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది, కొత్త టెక్నాలజీ వచ్చింది కాబట్టి జాకెట్ తేలికైపోయిందని. మన దగ్గర 2024లో డీఆర్‌డీవో, ఐఐటీ ఢిల్లీ కలిసి 'అభేద్' పేరుతో తేలికపాటి జాకెట్లు తయారు చేశాయి. తేలిక అని పేరు తెచ్చుకున్న ఆ జాకెట్లే రక్షణ స్థాయిని బట్టి 8.2 కిలోల నుంచి 9.5 కిలోల వరకు ఉన్నాయి. మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని కూడా బార్క్ టెక్నాలజీతో 'భాభా కవచ్' చేస్తోంది. రైఫిల్ బుల్లెట్‌ను ఆపాలంటే మధ్యలో మందంగా, గట్టిగా ఏదో ఒకటి ఉండాల్సిందే. ఆ 'ఏదో ఒకటి'కి బరువుంటుంది.

తర్వాత హెల్మెట్, కిలో పైనే. కలాష్నికోవ్ రైఫిల్ తూటాలతో కలిపి 4 కిలోలు. 30 తూటాల మ్యాగజీన్ ఒక్కోటి అర కిలో దాటుతుంది, ఎనిమిది పెట్టుకుంటే మరో 4 కిలోలు. చేతి గ్రెనేడ్లు నాలుగంటే సుమారు 2 కిలోలు. నీళ్లు 3 లీటర్లు అంటే 3 కిలోలు. నీళ్ల దగ్గర తగ్గించుకుందామంటే కుదరదు, ట్రెంచ్‌లో నల్లా ఉండదు. రెండు రోజుల తిండి ప్యాకెట్లు 3 కిలోల పైన. చిన్న పార, ఫస్ట్ ఎయిడ్ కలిపి 2 కిలోలు. వాకీటాకీ, పవర్ బ్యాంకు, బ్యాటరీలు ఇంకో కిలో. చలికి, వానకు, పడుకోవడానికి కావలసినవి 3 కిలోలు.

కూడితే తక్కువలో తక్కువ 30, కొంచెం అటూ ఇటూ అయితే 35. ఇది మామూలు రైఫిల్ సైనికుడిది. టీమ్‌లో మెషిన్ గన్ మోసేవాడి సంగతి వేరే. పీకేఎం అనే రష్యా మెషిన్ గన్ ఒక్కటే తూటాలు లేకుండా 7.5 కిలోలు. దాని బెల్టు తూటాలు పక్కనున్నవాళ్లు కూడా పంచుకుని మోయాలి.

మనిషి తన బరువులో మూడో వంతు దాకా మోస్తూ పోరాడగలడని సైన్యాల్లో ఒక పాత అంచనా ఉంది. 60 కిలోల మనిషికి అది 20. అంటే జాకెట్, హెల్మెట్, రైఫిల్, మ్యాగజీన్లు వేసుకునే సరికే కోటా దగ్గర పడింది. ఇంకా నీళ్లు కూడా పెట్టుకోలేదు.

1916లో కూడా ఇదే లెక్క

మొదటి ప్రపంచ యుద్ధంలో ట్రెంచ్‌లంటే అందరికీ గుర్తొచ్చేది ఫ్రాన్స్‌లోని సోమ్. 1916 జూలై 1న అక్కడ బ్రిటిష్ సైన్యం దాడికి దిగింది. ఆ ఒక్క రోజులో 57,470 మంది నేలకూలారు, వాళ్లలో 19,240 మంది చనిపోయారు. కారణాలు చాలా ఉన్నాయి. జర్మన్ ముళ్లకంచె తెగలేదు, వాళ్ల మెషిన్ గన్లు అలాగే ఉన్నాయి. వీటితో పాటు బరువు గురించి కూడా బ్రిటిష్ అధికారిక చరిత్రలోనే రాశారు. ఒక్కొక్కరి మీద 66 పౌండ్లు, అంటే 30 కిలోలు. ఆ బరువుతో ట్రెంచ్‌లోంచి పైకి ఎక్కడమే కష్టమైందని, నెమ్మదిగా నడవడం తప్ప వేగంగా కదలడం కుదరలేదని.

నూట పదేళ్లు కావస్తోంది. బరువు అక్కడే ఉంది. విచిత్రం ఏమిటంటే అప్పట్లో వాళ్లకు బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ లేదు. మరి 30 కిలోలు ఎలా అయ్యాయి?

లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ సుమారు 4 కిలోలు. తూటాలు 220 దాకా. రెండు మిల్స్ బాంబులు. స్టీల్ హెల్మెట్, అది 1915లోనే కొత్తగా వచ్చింది. గ్యాస్ నుంచి తప్పించుకునే ముసుగులు రెండు. ఖాళీ ఇసుక సంచులు, గెలిచిన చోట నింపి గోడ కట్టుకోవడానికి. తిండి, నీళ్ల సీసా. ఇవి కాక కొందరికి పెద్ద పారలు, గునపాలు, తీగ కత్తెరలు, సిగ్నల్ సామాను. అంటే గెలిచాక అక్కడే ఇల్లు కట్టుకుని ఉండటానికి కావలసిన సామానంతా గెలవకముందే వీపు మీద పెట్టి పంపారు.

ఈ సామానంతా దేనికి తగిలించుకునేవాళ్లు? సిరిసిల్ల వాళ్లకు ఇది చెప్తే వెంటనే అర్థమవుతుంది. నవారు మంచం నవారు తెలుసు కదా, అలాంటి మందపాటి నూలు పట్టీలతో చేసిన సెట్టు. 1908 ప్యాటర్న్ అంటారు దాన్ని. నడుముకు బెల్టు, భుజాల మీద పట్టీలు, ముందు పది తూటా సంచులు, ఒక్కోదాంట్లో 15 తూటాలు, వెనక మూట. బరువు రెండు వైపులా సమానంగా పడేలా నేసిన డిజైన్ అది. అంతకుముందు తోలు బెల్టులు వాడేవారు. తడిస్తే సాగడం, ఆరితే గట్టిపడి పగలడం తోలుతో తలనొప్పి. నేత గుడ్డ ఆ సమస్య తీర్చింది. భారత సైనికుల్లో చాలామంది మాత్రం అప్పటికింకా 1903 నాటి తోలు సెట్టుతోనే ఫ్రాన్స్‌లో దిగారు.

కందకంలో మనవాళ్లు

అక్కడ దిగినప్పుడు మన సైనికుల పరిస్థితి ఇంకో కథ. 1914 సెప్టెంబర్ చివర్లో మార్సెయ్ రేవులో భారత సైన్యం ఓడలు దిగింది. ఒంటి మీద మన ఎండలకు కుట్టిన పలుచటి నూలు ఖాకీ. ముందున్నది యూరప్ చలికాలం. వెచ్చని కోట్లు అందరికీ అందేసరికి ఆలస్యమైంది. నీళ్లు నిలిచిన ట్రెంచ్‌లో రోజుల తరబడి తడి బూట్లతో నిలబడితే పాదాలు కుళ్లిపోతాయి. ట్రెంచ్ ఫుట్ అంటారు, ముదిరితే వేళ్లు తీసేయాలి. ఉక్రెయిన్‌లో బఖ్‌ముత్ దగ్గర కూడా ఇదే జబ్బు మళ్లీ వచ్చింది.

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్లు క్లోరిన్ గ్యాస్ వదిలారు. నాలుగు రోజులకు భారత సైన్యానికి చెందిన లాహోర్ డివిజన్‌ను అక్కడ దాడికి పంపారు. అప్పటికి సరైన మాస్కు లేదు. తడి గుడ్డనో, తలపాగా కొంగునో ముక్కుకు కట్టుకోవడమే. నీళ్లు లేకపోతే మూత్రంతో తడుపుకోమన్నారు. చదవడానికి ఇబ్బందిగా ఉన్నా జరిగింది అదే.

మన వైపు పేర్లు కూడా ఆ యుద్ధంలో ఉన్నాయి. 20వ దక్కన్ హార్స్ అనే అశ్విక దళం హైదరాబాద్ కంటింజెంట్ నుంచి పుట్టిందే. 1916 జూలై 14న అదే సోమ్‌లో, హై వుడ్ అనే అడవి దగ్గర ఈటెలు పట్టుకుని గుర్రాల మీద దాడి చేసింది. ఈ దళం ఖర్చులకు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ డబ్బిచ్చారు. కరీంనగర్ జిల్లా అప్పుడు నిజాం రాజ్యంలోదే. అంటే జగిత్యాల రైతు కట్టిన శిస్తులో కొంత ఫ్రాన్స్ ట్రెంచ్‌ల దాకా వెళ్లిందన్నమాట. ట్రెంచ్‌ల ముందు ముళ్లకంచెను పేల్చి దారి చేసే 'బెంగళూరు టార్పెడో'ను 1912లో తయారు చేసింది మద్రాస్ సాపర్స్‌లో పనిచేసిన ఒక బ్రిటిష్ కెప్టెన్. ఆ దళంలో తెలుగువాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు.

వీటన్నిటికంటే మన స్టోరీకి దగ్గరగా ఉండేది 'ఫాలోయర్లు'. ఆ యుద్ధానికి భారత్ నుంచి పోరాడే సైనికులే కాదు, నీళ్లు మోసేవాళ్లు, డోలీ మోసేవాళ్లు, వంటవాళ్లు, కంచర గాడిదలు తోలేవాళ్లు, మట్టి పని చేసేవాళ్లు 4 లక్షలకు పైగా వెళ్లారు. రికార్డుల్లో వాళ్లు సైనికులు కారు. జీతం తక్కువ. బూట్లు, బట్టలు కూడా చాలాసార్లు తక్కువ రకం. కానీ గుండు మాత్రం వీడు సైనికుడు, వీడు ఫాలోయర్ అని చూసి పడలేదు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే వాళ్లది 'హెల్పర్ జాబ్'.

పార మాత్రం మారలేదు

రష్యా సైనికుడి నడుముకు ఒక చిన్న పార వేలాడుతుంది. పేరు ఎంపీఎల్-50. పొడవు 50 సెంటీమీటర్లు, కాబట్టి కొలతకర్రలా కూడా పనికొస్తుంది. ఈ డిజైన్ 1869 నాటిది. 2023 మార్చిలో బ్రిటన్ రక్షణ శాఖ తన రోజువారీ అప్‌డేట్‌లో ఒక మాట చెప్పింది, రష్యా రిజర్వ్ సైనికుల్ని తుపాకులు, పారలు మాత్రమే ఇచ్చి ఒక కాంక్రీట్ స్థావరం మీద దాడికి వెళ్లమన్నారని. సోషల్ మీడియాలో అప్పుడు మీమ్స్ పేలాయి. పారను చూసి నవ్వడం తేలికే. కానీ ట్రెంచ్ యుద్ధంలో రైఫిల్ కంటే ఎక్కువసేపు చేతిలో ఉండేది పారే. గుండ్లు పడుతుంటే భూమిలోకి దిగడం తప్ప ఇంకో దారి లేదు. ఎంత లోతు తవ్వితే అంత బతుకు.

మన పల్లెల్లో పొలం గట్లు వేసినవాళ్లకు, ఉపాధి హామీలో మట్టి తవ్వినవాళ్లకు ఈ పని ఎంత కష్టమో తెలుసు. అక్కడ ఆ పని గడ్డ కట్టిన నేలలో, రాత్రిపూట, లైటు వేయకుండా చేయాలి. లైటు వేస్తే కనిపిస్తారు. 'కందకాలు తవ్వే పనే కదా, పోరాడక్కర్లేదు' అని ఏజెంట్ అంటే అందులో సగం నిజమే ఉంది. కందకం తవ్వేది ఫ్రంట్‌లోనే అన్నది మిగతా సగం.

డ్రోన్ వచ్చి బరువు పెంచింది

టెక్నాలజీ వస్తే మనిషి మీద భారం తగ్గాలి కదా అనుకుంటాం. ఉక్రెయిన్‌లో రివర్స్ అయింది. ఎఫ్‌పీవీ డ్రోన్లు ముందు వరుస నుంచి 10, 15 కిలోమీటర్ల వెనక దాకా వచ్చి వాహనాల్ని కొడుతున్నాయి. దాంతో ట్రక్కు ట్రెంచ్ దాకా రాదు, ఎక్కడో వెనకే దింపేస్తుంది. మిగతా దూరం నడకే. 1916లో మోసిన 30 కిలోలకు, ఇప్పుడు మోసే 30 కిలోలకు ఉన్న పెద్ద తేడా ఇదే. మోయాల్సిన దూరం పెరిగింది, అది కూడా పైన కెమెరా కన్ను ఉండగా. తిండి, నీళ్లు, బ్యాటరీలు డ్రోన్లతో పై నుంచి వేస్తున్నారు కానీ అన్నిటికీ అది చాలదు.

కొత్త సామాను కూడా వచ్చి చేరింది. జేబులో పట్టే డ్రోన్ డిటెక్టర్, దగ్గరికొచ్చిన డ్రోన్‌ను కాల్చడానికి షాట్‌గన్, ఒంటి వేడి కెమెరాకు కనపడకుండా కప్పుకునే గుడ్డ. అప్పట్లో గ్యాస్ మాస్కు ఎలాగో ఇప్పుడు డిటెక్టర్ అలాగ. ఇంకో పోలిక కూడా ఉంది. సోమ్‌లో బ్రిటిష్ 29వ డివిజన్ సైనికులు వీపు మీద రేకు త్రికోణాలు కుట్టుకున్నారు, పైనున్న సొంత విమానాలకు తళుక్కుమని కనపడాలని. ఇప్పుడు చేతికి, కాలికి రంగు టేపులు చుట్టుకుంటున్నారు. సొంత డ్రోన్ కొట్టకుండా. కాకపోతే ఆ టేపు అవతలి డ్రోన్‌కి కూడా కనపడుతుంది.

కొత్తవాడికి దక్కేది ఏంటి?

పైన చెప్పిన లిస్ట్ పూర్తిగా అందిన సైనికుడిది. అందరికీ అంది ఉంటే ఈ స్టోరీ ఇక్కడితో ఆపేయొచ్చు.

2022 సెప్టెంబర్‌లో రష్యా 3 లక్షల మందిని సైన్యంలోకి పిలిచింది. అప్పుడు వైరల్ అయిన ఒక వీడియోలో సైన్యానికి చెందిన ఒక మహిళ కొత్తగా వచ్చిన వాళ్లకు చెప్తోంది: రక్తం ఆపే పట్టీలు మీ కార్లలోని ఫస్ట్ ఎయిడ్ బాక్సుల్లోంచి తెచ్చుకోండి, గాయాల్లో పెట్టుకోవడానికి శానిటరీ టాంపన్లు ఇంట్లో ఆడవాళ్లను అడగండి అని. జాకెట్లు, బూట్లు, స్లీపింగ్ బ్యాగులు చాలామంది సొంత డబ్బుతో కొనుక్కున్నారు. అది సొంత దేశపు మనుషుల పరిస్థితి. భాష రాని, అడిగేవాళ్లు లేని విదేశీ కుర్రాడికి ఎలాంటి జాకెట్ వస్తుందో ఊహించుకోవచ్చు.

మన సైన్యంలో కూడా సామాను కొరత ఉంది, అది దాచక్కర్లేదు. కాల్బలానికి బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ల కొరత ఏళ్ల తరబడి నడిచి, చివరికి 2018లో 1,86,138 జాకెట్లకు రూ.639 కోట్ల కాంట్రాక్ట్ కుదిరింది. సియాచిన్ లాంటి చోట్ల మంచు దుస్తులు, బూట్లు సరిగా అందలేదని 2020లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ రిపోర్ట్ తప్పుపట్టింది. కానీ ఇక్కడ అడగడానికి కాగ్ ఉంది, పార్లమెంటు ఉంది, మీడియా ఉంది. పైగా అగ్నివీర్‌కు ఎంపికైన కుర్రాడికి ఆరు నెలల పైగా ట్రైనింగ్ ఇచ్చి, ఒళ్లు ఆ బరువుకు అలవాటయ్యాకే పంపిస్తారు. తెల్లవారుజామున గ్రౌండ్‌లో రన్నింగ్ చేసే మన పిల్లల్ని అడగండి, ఏమీ మోయకుండా 1600 మీటర్లు టైమ్‌లో ఉరకడానికి ఎన్ని నెలలు పడుతుందో. రష్యా వెళ్లినవాళ్లకు దొరికింది రెండు మూడు వారాల ట్రైనింగ్.

మన ఊళ్ల దగ్గర అసలు గ్యాప్ ఎక్కడుంది?

ఈ ఆఫర్లకు ఎందుకు పడిపోతారు, అంత తెలియదా అని సిటీలో కూర్చుని అనడం తేలిక. సిరిసిల్లలో ఆర్డర్లు లేక సాంచాలు ఆగిన ప్రతిసారీ కార్మికులు భీవండి, సూరత్ బస్సెక్కారు. 2024లో బతుకమ్మ చీరల ఆర్డర్ లేక ఏమైందో చూశాం. కోరుట్ల, మెట్‌పల్లి వైపు చెరుకు రైతులకు, కార్మికులకు ఆధారమైన ముత్యంపేట షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఇంట్లో ఆడవాళ్లు బీడీలు చుడితే వచ్చేదెంత? గల్ఫ్‌లో కూలీ జీతాలు ఏళ్ల తరబడి పెద్దగా పెరగలేదు. అలాంటప్పుడు ఫోన్‌లో 'నెలకు లక్ష పైనే, హెల్పర్ పని, యుద్ధం దిక్కు పంపరు తమ్మీ' అని వినిపిస్తే ఆగి వినడం తప్పేం కాదు.

గ్యాప్ ఉన్నది వేరే చోట. గల్ఫ్‌కు కూలీ పని మీద వెళ్లేవాళ్లలో టెన్త్ పాస్ కానివాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. సౌదీ, యూఏఈ, కువైట్, ఒమన్, ఖతార్ సహా 18 దేశాలకు ఈ రూల్ ఉంది. ఆ క్లియరెన్స్‌తో పాటు రూ.10 లక్షల ప్రవాసీ బీమా కూడా వస్తుంది. ఆ 18 దేశాల లిస్టులో రష్యా లేదు. టూరిస్ట్ వీసానో, విజిట్ వీసానో చేతిలో ఉంటే 'ఏం పని మీద పోతున్నవ్, కంపెనీ ఏది, కాంట్రాక్ట్ చూపించు' అని ఆ కౌంటర్‌లో అడిగేవాళ్లు ఉండరు. గల్ఫ్ వెళ్లేటప్పుడు ఆ కౌంటర్ విసిగించిందని తిట్టుకున్న వాళ్లే ఉంటారు మన దగ్గర. ఇక్కడ మాత్రం అది లేకపోవడమే ఏజెంట్లకు కలిసొచ్చింది.

కాబట్టి చెక్ చేసే పని మన మీదే పడింది. విదేశాలకు మనుషుల్ని పంపే ఏజెంట్‌కు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొడితే ఉందో లేదో తెలిసిపోతుంది. రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోగలిగే ఫీజు రూ.30 వేలు, దాని మీద జీఎస్టీ. అంతే. లక్షల్లో అడుగుతున్నాడంటే అక్కడే ఆగాలి. రాష్ట్ర ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సొంత రిక్రూట్‌మెంట్ సంస్థ ఉంది. ఆఫర్ నిజమేనా అని అడగడానికి ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 1800 11 3090 ఉంది.

ఏజెంట్‌ను నేరుగా అడగాల్సినవి కూడా ఉన్నాయి. పని చేసే ఊరి పేరేంటి, అది ఫ్రంట్‌కు ఎన్ని కిలోమీటర్లు? జీతం ఇచ్చేది కంపెనీనా, రక్షణ శాఖా? హెల్పర్‌కు జాకెట్, హెల్మెట్ ఎందుకిస్తారు? మూడో ప్రశ్నకు 'సేఫ్టీ కోసం' అని జవాబొస్తే, ఏ ప్రమాదం నుంచి సేఫ్టీ అని ఇంకో ప్రశ్న వేయండి. గోదాముల్లో సరుకు దింపేవాడికి బుల్లెట్‌ప్రూఫ్ ప్లేట్లు అక్కర్లేదు.

ఇక కాగితం సంగతి. వెళ్లినవాళ్లలో చాలామంది రష్యన్ భాషలో ఉన్న కాంట్రాక్ట్‌ మీద, అందులో ఏముందో చదవలేకుండానే సంతకం చేశారు. ఏడాదికే అని నోటితో చెప్పి ఉండొచ్చు. కానీ 2022 సెప్టెంబర్ 21న పుతిన్ ఇచ్చిన డిక్రీ ప్రకారం, సమీకరణ కాలం ముగిసేదాకా కాంట్రాక్ట్ సైనికుల ఒప్పందాలు గడువు దాటినా కొనసాగుతాయి. తిరిగొచ్చిన 96 మంది గడువు ముగిసి వచ్చినవాళ్లు కారు. రెండు ప్రభుత్వాలు మాట్లాడుకుంటే డిశ్చార్జ్ అయినవాళ్లు.